రెక్కల మచ్చ

యశోదమ్మ వరండాలో రాలిన రెక్కలను ఊడుస్తోంది. తడి ఉన్నచోట అవి నాపరాళ్లకు అతుక్కుపోయాయి. తడి ఆరినచోట చీపురు గాలికే లేచి ఆమె వెనక్కి పోయి పడుతున్నాయి. ఊడ్చిన చోటే మళ్లీ ఊడవాల్సి వస్తోంది.

“సావడానికి ఈడికే రావల్లనా మీరు” అని గొణిగి, బుగ్గన ఉన్న వక్కాకును అటు నుంచి ఇటు మార్చుకుంది.

ముందురోజు సాయంత్రం అరగంట వాన పడింది. నాలుగు నెలల్లో అదే మొదటిది. కాలేజీ గోడల మీది దుమ్మును చారలు చారలుగా దించి, అనంతపురం దాటి ఎటో పోయింది. పొద్దున ఏడున్నరకే ఎండ వీపు మీద చుర్రుమంటోంది. వరండా ట్యూబులైటు కింద మాత్రం వాన గుర్తు ఇంకా మిగిలి ఉంది. రెక్కలు, చచ్చిన ఉసిళ్లు, కాళ్లు కొట్టుకుంటున్న మగచీమలు.

ఆమెకు యాభై నాలుగేళ్లు. బక్కపలుచని ఒళ్లు, చీలమండల పైకి ఎత్తి దోపిన చీర, పగిలిన మడమలు. ఎడమ చూపుడు వేలు కొసన వంకర తిరిగి ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా ఈ జంతుశాస్త్ర విభాగంలో ఆమే ఆయమ్మ. బత్తలపల్లె నుంచి ఆరింటి బస్సెక్కి వస్తుంది. గదులు ఊడుస్తుంది, గాజుసామాను కడుగుతుంది, పాములూ తేళ్లూ నానుతున్న సీసాల్లో మందు తగ్గితే కళ్లు మండుతున్నా పోసి మూత బిగిస్తుంది. మొగుడు వెంకటేశులు బండలు కోసే మిషన్ దగ్గర దుమ్ము పీల్చి పీల్చి పదకొండేళ్ల కిందట పోయాడు. కూతురు ధర్మవరంలో పట్టు అంగట్లో చీరలు మడతపెట్టే పనికి పోతుంది. ఇంతకు మించి ఆమె గురించి విభాగంలో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. ఆమె కూడా ఎవరి గురించీ అడిగే మనిషి కాదు.

చీమలంటే ఆమెకు ఇష్టం లేదు.

పదేళ్లప్పుడు వరసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. అప్పుడు తల్లి ఆంజినమ్మ గడ్డపార భుజాన వేసుకుని, ఈమెను వెంటపెట్టుకుని బీడు భూముల్లోకి పోయేది. గింజలు దాచే చీమల పుట్టను గుర్తుపట్టడం సులువే. బొక్క చుట్టూ పొట్టు గుండ్రంగా పోసి ఉంటుంది. మూరెడు లోతు తవ్వితే అరలు అరలుగా గింజలు దొరికేవి. కొర్రలు, గడ్డిగింజలు, ఏవైతే అవి. ఒక్కో పుట్టకు దోసెడు, దోసెడున్నర. చీమలు ఊరికే ఇచ్చేవి కావు. అరల్లోకి పిల్ల చెయ్యే పడుతుంది కాబట్టి ఆమె చెయ్యే పోవాలి. కరిచిపట్టిన చీమను లాగితే ఒళ్లు తెగి వచ్చేది, తల వేలికే ఉండిపోయేది. ఇంటికొచ్చాక తల్లి ఆ తలలను సూదితో ఒక్కొక్కటే పెకలించేది. చూపుడు వేలు ఆ ఏడాదే చీము పట్టి వంకర పోయింది.

తవ్వకంలో ఎప్పుడైనా అడుగున లావుపాటి చీమ ఒకటి, రెక్కలు లేనిది, చుట్టూ మిగతావన్నీ మూగి ఉండగా కనబడేది. అప్పుడు తల్లి గడ్డపార ఆపేసేది.

“అది తల్లిచీమ. దాని జోలికి పోవద్దు. అది పోతే వచ్చే ఏటికి ఈడ పుట్ట ఉండదు, మనకు గింజ ఉండదు.”

జాలితో చెప్పిన మాట కాదది. యశోదమ్మ కూడా జాలిగా వినలేదు. కానీ ఆ చీమ ఎలా ఉంటుందో కళ్లలో అచ్చుపడిపోయింది.

ఊడుస్తూ గోడ మూలకు వచ్చేసరికి అలాంటిదే ఒకటి కనబడింది. నల్లగా, పక్కన చచ్చిపడ్డ మగవాటికి రెండింతలుంది. రెక్కల్లేవు. తొందరపడటం లేదు. గోడకూ నేలకూ మధ్య ప్రతి పగులు దగ్గరా ఆగి, తల లోపలికి పెట్టి చూసి, వెనక్కి వస్తోంది. యశోదమ్మ చీపురు గోడకు ఆనించింది. వంగి, కాసేపు చూసింది. తరువాత ల్యాబు తలుపు తీసి గాజుగొట్టం కోసం లోపలికి పోయింది.

లోపల టేబుల్ మీద నాలుగు గొట్టాలు స్టాండులో నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో చీమ. పక్కన తెల్లకాగితం, కాగితం మీద సన్నటి ఫోర్సెప్స్, దాని చుట్టూ చిరిగిన రెక్కల ముక్కలు. నిన్న సాయంత్రం వానలో లెక్చరర్ ప్రవీణ్ సారు ల్యాబులోనే ఉన్నాడని వాచ్‌మన్ చెప్పాడు. రెక్కలతో ఉన్న ఆడచీమలను లైటు కింద పట్టి, రెక్కలు పీకినట్టున్నాడు. ఆమె ఆ కాగితాన్ని ముట్టలేదు. ఒక గొట్టం తీసి, అడుగున నీళ్లు పోసి, నీళ్లు కదలకుండా దూది కుక్కింది. పాత సారు ఉన్నప్పుడు నేర్చుకున్న పని అది.

చీమను గొట్టంలోకి ఎక్కిస్తుండగా లహరి వచ్చింది. ఎమ్మెస్సీ రెండో ఏడాది పిల్ల, విడపనకల్లు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటుంది. ఊడ్చి పోగు పెట్టిన రెక్కల కుప్పను చెప్పులతో తొక్కుకుంటూ నేరుగా వచ్చేసింది.

“కండ్లు యాడ పెట్టుకోని నడుస్తాండావ్?” అంది యశోదమ్మ.

“చూసుకోలేదులే ఆయమ్మా. ఏంది అది చేతిలో?”

“చీమ.”

“చీమని నాకూ తెలుసు.”

యశోదమ్మ గొట్టం మూతికి దూది పెట్టి, స్టాండు వైపు నడిచింది. లహరి వెంట పడింది. ఆ పిల్ల ప్రాజెక్టే ఈ చీమలు. కరువు నేలలో గింజలు దాచే చీమ ఒక్క రాణి నుంచి సంసారం ఎలా మొదలుపెడుతుందో రాయాలి. నిరుడు ప్రవీణ్ సారు పెద్ద తలకాయ ఉన్న చీమను ఒకదాన్ని తెచ్చి ఇదే రాణి అన్నాడు. లహరి దాన్ని నాలుగు నెలలు చీకట్లో పెట్టి రోజూ చూసుకుంది. ఒక్క గుడ్డు పెట్టలేదు. ఒకరోజు కాళ్లు ముడుచుకుని పడి ఉంది. అది రాణి కాదని, గట్టిగింజలు కొరికే కూలిచీమ అని యశోదమ్మకు మొదటిరోజే తెలుసు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. తన మానాన తాను ఆ గొట్టం చుట్టూ దుమ్ము తుడిచింది.

లహరి నాలుగు గొట్టాలనూ ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది. “సార్ రాత్రి మెసేజ్ పెట్టినాడు, నాలుగు రాణులు దొరికినాయని. ఈసారన్నా గుడ్లు పెడితే బాగుండు. లేకపోతే నా పని అయిపాయె. ఇంగో ఏడాది చదువుతానని మా నాయనకు ఏ మొగం పెట్టుకోని చెప్పేది?”

ఆ పిల్ల కళ్లలో నీళ్లేమీ లేవు. విసుగే ఉంది. ఆ విసుగు యశోదమ్మకు నచ్చింది.

“అవి పెట్టవు” అంది.

“ఏమి?”

“జత కట్టినాక ఆడచీమ రెక్కలు దానంతట అదే రాల్చుకుంటాది. ఇవి ఇంగా జత కట్టల్యా. రెక్కలు ఊడినేవి కావు, పీకినేవి.”

లహరి గొట్టాన్ని కిందపెట్టింది. “నీకెట్ల తెలుసు?”

యశోదమ్మ భూతద్దం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టి, తాను తెచ్చిన గొట్టాన్ని కిటికీ దగ్గర పట్టుకుంది. “తల చూడొద్దు. తల చూసే నిరుడు మోసపోయింది మీ సారు. ఈపు చూడు. కూలిదానికి ఈపు సన్నంగా ఉంటాది. దీనికి చూడు, ఎద్దు మూపురం మాదిరి లావు. రెక్కలు మోసిన ఈపు అది. ఇప్పుడు పక్కన చూడు. మచ్చలు కనపడతాండాయా?”

“రెండు... ఈ పక్క రెండు. నున్నగా ఉండాయి.”

“ఇప్పుడు సారు పట్టినేది చూడు.”

లహరి చాలాసేపు చూసింది. చీమ గొట్టంలో పైకీ కిందికీ పరుగులు తీస్తోంది. ఒక క్షణం ఆగినప్పుడు కనబడింది. మచ్చ దగ్గర పీచులా ఏదో మిగిలి ఉంది. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ.

“చేతికుండే గాజు తీసిపెట్టేదానికీ, పగలగొట్టేదానికీ తేడా ఉండదా?” అంది యశోదమ్మ. “ఇంగోటి కూడా చూడు. మనది దూదికి ఆనుకోని కదలకుండా కూచున్నాది. దాని పని అయిపోయింది, ఇంగ గుడ్లు పెట్టల్ల. ఇవి చూడు ఎట్ల తిరుగుతాండాయో. వీటికి ఇంగా బయటికి పోవల్లని ఉండాది.”

లహరి తల ఎత్తి మొదటిసారిగా ఆమె ముఖంలోకి చూసింది. “నిరుడు చెప్పింటే పోయేది కదా ఆయమ్మా.”

“నిరుడు నువ్వు అడగల్యా.”

తొమ్మిదిన్నరకు ప్రవీణ్ వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, నిద్ర లేక ఉబ్బిన కళ్లు. తొమ్మిదేళ్లుగా తాత్కాలిక లెక్చరర్‌గానే ఉన్నాడు. మరుసటిరోజు కాలేజీకి తనిఖీ బృందం వస్తోంది. బృందానికి చూపించడానికి చీమల గాజుపెట్టె ఒకటి తెప్పించి, లోపల ఎర్రమట్టి పరిచి, రాణి ఫోటో నిన్న రాత్రే ప్రిన్సిపాల్‌కు పంపించాడు. మంచి మాట ఒక్కటి బృందం రాసిపోతే తన పోస్టు సంగతి చూస్తామని యాజమాన్యం అంది.

లహరికి నోరు ఆగలేదు. “సార్, వీటి రెక్కలు మీరే తీసేశారా?”

ప్రవీణ్ బ్యాగు కిందపెట్టాడు. “ఎవరు చెప్పారు?”

ఆ పిల్ల చూపు యశోదమ్మ వైపు పోయింది. అంతే చాలింది.

“ఏమ్మా యశోదమ్మా, నువ్వెప్పుడు చేసినావు పీహెచ్‌డీ?”

“నేను చేయల్యా సార్. చీమల పుట్టలు తవ్వినా.”

“తవ్వినావా. అయితే ఇంక మేమంతా చీపుర్లు పట్టుకోవల్ల, నువ్వు క్లాసులు చెప్పల్ల.” అతను స్టాండు దగ్గరికి వచ్చాడు. “నాలుగుండాల్సినవి అయిదున్నాయేంది?”

“ఒకటి వరండాలో దొరికింది.”

“నా శాంపిల్స్‌లో నువ్వు కలిపినావా? ఎవరిని అడిగి కలిపినావు?” అతను గొట్టాలన్నీ ఒకేసారి స్టాండులోంచి లాగి, పిడికిట్లో పట్టుకుని హెడ్ గదికి నడిచాడు. వెళుతూ వెళుతూ వెనక్కి తిరగకుండానే అన్నాడు. “రా. మేడమ్ ముందర చెబుదువు.”

హెడ్ వనజాక్షి మేడమ్‌ది చేపల చదువు. టేబుల్ నిండా తనిఖీ ఫైళ్లున్నాయి. అయిదు గొట్టాలూ ఆ ఫైళ్ల మీద దొర్లుతుంటే ఆమె చేత్తో ఆపింది. ప్రవీణ్ చెప్పింది విన్నది. కళ్లజోడు పైకెత్తి ఒక గొట్టంలోకి, ఇంకో గొట్టంలోకి చూసింది. ఆమెకు అన్నీ ఒకే చీమలా కనిపించాయి.

“నువ్వేమంటావు యశోదమ్మా?”

“వీటిల్లో ఒకటే రాణి మేడమ్. మిగిలిన నాలుగు గుడ్లు పెట్టవు. పెట్టినా మగవే పుడతాయి, పని చేసే ఆడచీమలు పుట్టవు, పుట్ట నిలబడదు.”

మేడమ్ ప్రవీణ్ వైపు చూసింది. అతను కిటికీ వైపు చూస్తున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకు అర్థమైంది. అర్థమైనట్టు ముఖంలో కనబడనీయలేదు.

“చూడు యశోదమ్మా. రేపు పెద్దోళ్లు వస్తున్నారు. ఫోటో పైకి పోయింది. ఈ టైములో పిల్లల ముందర సార్‌ను అట్ల అనడం తప్పు. తెలీక అన్నానని సార్‌కు ఒక మాట చెప్పెయ్. ఆ రాణి ఏదో చూపించు. పని చూసుకో.”

“తెలిసే అంటి మేడమ్.”

“చెప్పకపోతే రేపటి నుంచి నిన్ను ల్యాబులో పెట్టుకోలేను. నిన్ను పనికి పంపిన ఏజెన్సీవాళ్లకు చెప్పి హాస్టల్లో అంట్లకు మార్పిస్తా. నాకేం సరదా కాదు.”

ఫ్యాను తిరుగుతోంది. ఫైలు కాగితాలు లేచి పడుతున్నాయి. ప్రవీణ్ గొట్టాలను ఆమె ముందుకు నెట్టాడు. “ఏది? చూపించు.”

అయిదింట్లో నాలుగు చీమలు గాజును గీరుతూ పైకి పాకుతున్నాయి. ఒకటి మాత్రం దూదికి ఒళ్లు ఆనించి కదలకుండా ఉంది. యశోదమ్మకు వెంటనే తెలిసింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. వంకర వేలు ఒకసారి కదిలింది. ఆమె ఆ చేతిని కొంగులోకి లాక్కుంది.

“మీరు పీకినేవి ఏవో మీకు తెలుస్తాయి కదా సార్” అంది.

మేడమ్ గొట్టాలను పక్కకు జరిపి, కింద ఉన్న ఫైలు తెరిచింది. “సరే. ఇంక నువ్వు పో. రేపు హాస్టల్ వార్డెన్‌ను కలువు.”

“ఆడికీ రాను మేడమ్.”

“రాకపోతే నీ ఇష్టం.”

మధ్యాహ్నం దాకా ఆమె తన పని చేసింది. రెక్కల కుప్ప ఎత్తి పారేసింది. సీసాల్లో మందు చూసింది. అన్నం తినలేదు. లహరి రెండుసార్లు దగ్గరికి వచ్చి నిలబడింది. రెండోసారి, “నేను అట్ల అడగకుండా ఉండాల్సింది” అంది.

“అడిగినావు కదా. అయిపాయె.”

“ఇప్పుడేం చేస్తావు?”

“ఏమో. పనికి పోతా. శెనక్కాయ వేసే కాలం.”

“నీకు కోపం రాలేదా ఆయమ్మా?”

యశోదమ్మ ఆ పిల్లను ఎగాదిగా చూసింది. “ఇరవై రెండేండ్ల నుంచి వస్తానే ఉండాది” అంది.

మూడింటికి ల్యాబు టేబుళ్లన్నీ తుడిచింది. గుడ్డను కుళాయి కింద రెండుసార్లు జాడించి, రెండు చేతులతో మెలిపెట్టి పిండి, విదిలించకుండా అలాగే కుళాయి మెడకు వేసింది. అన్నం క్యారియరు తీసుకుని బయటికి నడిచింది. ఎవరికీ చెప్పలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఏమ్మా అప్పుడే పోతాండావని అడిగితే, “పోతాండా” అంది.

ధర్మవరం బస్సులో నిలబడే చోటు దొరికింది. కండక్టరు చిల్లర లేదని కసురుకుంటే ఆమె కూడా కసురుకుంది. ఊరు దాటాక ఒకచోట అరగంట వానను నమ్ముకుని ఎవరో గుంటక తోలుతున్నారు. గుంటక వెనక ఎర్రటి దుమ్ము లేస్తోంది. తడి రెండు వేళ్ల లోతు కూడా దిగలేదని బస్సులోంచే తెలుస్తోంది. ఆమె ముఖం తిప్పుకుని దిగేదాకా ఎదురు సీటు కమ్మీని చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం ప్రవీణ్ గొట్టాలను మళ్లీ స్టాండులో పెట్టి, లహరిని పిలిచాడు. గొంతులో పొద్దున్నటి బిగువు లేదు.

“పొద్దున ఆమె నీకు చూపించింది కదా. వీటిల్లో ఏది?”

లహరి వంగి చూసింది. చివరి నుంచి రెండో గొట్టంలో దూదికి ఆనుకుని కూర్చున్న చీమ కనబడింది. మచ్చలు నున్నగా ఉన్నాయి.

“తెలీదు సార్” అంది.

అతను కాసేపు ఆమె ముఖంలోకి చూసి, బాగా చురుగ్గా తిరుగుతున్న చీమను ఎంచుకుని గాజుపెట్టెలోకి వదిలాడు. మరుసటిరోజు తనిఖీ బృందం పెట్టె ముందు రెండు నిమిషాలు నిలబడింది. ఒకాయన చాలా బాగుంది అన్నాడు. ఇంకొకాయన ఫోటో తీసుకున్నాడు. వాళ్లు పోయాక పెట్టె వైపు ఎవరూ చూడలేదు. నాలుగోరోజుకు లోపలి చీమ మట్టి మీద వెల్లకిలా పడి ఉంది.

చివరి నుంచి రెండో గొట్టాన్ని లహరి ఆ సాయంత్రమే నల్లకాగితంలో చుట్టి బీరువా అడుగు అరలో పెట్టింది. తొమ్మిదోరోజు కాగితం విప్పి చూసింది. చీమ పొట్ట కింద ఉప్పురవ్వల్లాంటి తెల్లటి గుడ్లు కుప్పగా ఉన్నాయి. లెక్కపెడితే పదకొండు. గట్టిగా ఊపిరి పీల్చుకోవడానికి కూడా భయపడి కాగితం మళ్లీ చుట్టేసింది.

ఈ సంగతి ఒకే మనిషికి చెప్పాలనిపించింది. విభాగంలో అడిగితే యశోదమ్మ ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు. ఆఫీసులో అడిగితే ఏజెన్సీవాళ్లను అడగమన్నారు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, ఆ పేరు లిస్టులోంచి తీసేశామని ఒకతను చెప్పి పెట్టేశాడు. బత్తలపల్లెలో ఎక్కడని వెతకడం? ఇంటిపేరు కూడా తెలియదు.

లహరి చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయింది. కొత్త ఆయమ్మ ఇంకా రాలేదు. టేబుళ్ల మీద వేలితో రాస్తే పేరు పడేంత ఎర్రదుమ్ము. కుళాయి మెడ మీద తుడుపుగుడ్డ ఒకటి వేలాడుతోంది. తొమ్మిది రోజుల ఎండకు కట్టెలా బిగుసుకుపోయింది. పిండినప్పుడు పడిన మెలిక అందులో అలాగే ఉంది.